తనకు తానే కీ ఇచ్చుకొనే గడియారం

ఆదివారం ఉదయం గోడ గడియారానికి కీ ఇవ్వడం ఒకప్పుడు ఎన్నో ఇండ్లలో చిన్న వ్రతం వంటిది. ఇంటి పెద్ద ఎత్తుపీట ఎక్కి, గాజు తలుపు తెరచి, లోపల అట్టే పెట్టిన తాళం చెవిని తీసి, కిర్రు కిర్రుమని పది పదిహేను చుట్లు త్రిప్పేవాడు. ఆ వారం ఆయన ఊరికి వెళ్లినా, మరచిపోయినా గడియారం ఆగిపోయేది. గడియారం చెడిపోలేదు; దానికి కీ ఇచ్చే చేయి లేకపోయింది, అంతే.

ఆ చేయి చేసే పనిని విద్యుచ్ఛక్తికి అప్పగిస్తే ఎట్లా ఉంటుంది? ఈ ఆలోచనతోనే అమెరికాలోని న్యూయార్కు నగరంలో చెస్టర్ పాండ్ అనే ఆయన 1886లో ఒక కంపెనీ స్థాపించాడు. దాని పేరు ‘సెల్ఫ్ వైండింగ్ క్లాక్ కంపెనీ’. అంటే తనకు తానే కీ ఇచ్చుకొనే గడియారాల కంపెనీ. అది తయారు చేసిన గడియారాలు రైల్వే స్టేషన్లలోను, బ్యాంకులలోను, పాఠశాలలలోను, టెలిగ్రాఫు కార్యాలయాలలోను దశాబ్దాల తరబడి కాలం చూపాయి. 1913లో తెరచిన న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో విచారణ గది పైన నిలిచిన నాలుగు ముఖాల గడియారం ఆ కంపెనీ తయారు చేసినదే. కంపెనీ మూతపడి ఎన్నో ఏండ్లు గడచినా, దాని గడియారాలు ఔత్సాహికుల చేతుల్లో ఈనాటికీ బ్రతుకుతున్నాయి.

అటువంటి పాత గడియారం ఒకటి మూగగా మన చేతికి వచ్చిందనుకొందాం. దానిని మళ్లీ నడిపించడం ఎట్లా? ఎంత విద్యుత్తు ఇవ్వాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకబోతే ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలోని సగం పాఠాలు మనకు ఎదురవుతాయి.

గడియారానికి ఎంత శక్తి కావాలి?

ముందుగా ఒక లెక్క వేద్దాం. స్ప్రింగుకు బదులు బరువుతో నడిచే గడియారం ఒకటి ఉన్నదనుకొందాం. 4 కిలోగ్రాముల బరువు 8 రోజులలో 1 మీటరు క్రిందికి దిగుతూ దానిని నడుపుతున్నది. ఆ బరువు చేసిన పని 4 × 9.8 × 1, అనగా సుమారు 39 జౌళ్లు. ఎనిమిది రోజులకు 6,91,200 సెకండ్లు. భాగించి చూస్తే సెకండుకు పడే శక్తి ఒక వాటులో పదివేలవ వంతుకన్న తక్కువ. ఇంకా సరిగా చెప్పాలంటే, వాటును పది లక్షల భాగాలు చేస్తే అందులో 57 భాగాలు మాత్రమే. ఒక 60 వాటుల విద్యుద్దీపం తినే సామర్థ్యంతో ఇటువంటి గడియారాలు సుమారు పది లక్షలు నడవగలవు!

గడియారానికి కావలసిన శక్తి ఇంత స్వల్పం. అది శక్తికోసం ఆకలిగొన్న యంత్రం కాదు. దానికి కావలసినది కొద్దిపాటి శక్తే. కాని ఆ కొద్ది శక్తీ ఎప్పుడూ ఒకే తీరున అందాలి. ఈ సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. పాత గడియారాన్ని బాగుచేయడంలో జరిగే తప్పులలో చాలా భాగం దీనిని మరవడం వలననే జరుగుతాయి.

ఒకే తీరున ఎందుకు అందాలి?

ఒక స్ప్రింగు త్రాసును తీసుకొని కొక్కేన్ని లాగండి. కొద్దిగా లాగితే కొద్ది బలం, ఎక్కువ లాగితే ఎక్కువ బలం. ఇది హుక్ నియమం. చుట్టిన స్ప్రింగు కూడా ఇంతే. ఆదివారం నాడు నిండుగా చుట్టిన స్ప్రింగు పళ్ల చక్రాలను గట్టిగా తోస్తుంది; శనివారం నాటికి అది నీరసిస్తుంది.

దీనివలన నష్టం ఏమిటి? లోలకం ఊగే కాలం దాని పొడవు మీదనే ఆధారపడుతుందని, ఎంత దూరం ఊగినా కాలం మారదని తరగతిలో చదువుకొన్నాం. అది దాదాపు నిజం. పూర్తి నిజం కాదు. ఊపు పెరిగితే కాలం కూడా రవ్వంత పెరుగుతుంది. లోలకం నిట్టనిలువు రేఖకు అటు 3 డిగ్రీలు, ఇటు 3 డిగ్రీలు ఊగుతున్నదనుకొందాం. స్ప్రింగు నీరసించి ఆ ఊపు రెండున్నర డిగ్రీలకు తగ్గితే, ఆ ఒక్క కారణం వలననే గడియారం రోజుకు సుమారు నాలుగున్నర సెకండ్లు ముందుకు పోతుంది. ఇంటి గడియారంలో దీనిని ఎవరూ పట్టించుకోరు. కాని రైళ్లు నడిపేవారికి, నక్షత్రాలను పరిశీలించేవారికి ఇది పట్టించుకోవలసిన తేడాయే.

దీనికి విరుగుడును గడియారాల పనివారు విద్యుచ్ఛక్తి రాకముందే కనుగొన్నారు. పెద్ద స్ప్రింగు తిన్నగా గడియారాన్ని నడపకుండా, కొద్ది కొద్ది సేపటికి ఒక చిన్న స్ప్రింగును చుడుతూ ఉంటుంది. గడియారాన్ని నడిపేది ఆ చిన్న స్ప్రింగు. అది పూర్తిగా నీరసించక ముందే మళ్లీ చుట్టబడుతుంది కనుక దాని బలం దాదాపు స్థిరంగా ఉంటుంది. నావికులకోసం ఇంగ్లండులో జాన్ హారిసన్ 1759లో పూర్తి చేసిన ప్రసిద్ధమైన గడియారంలో ఇటువంటి చిన్న స్ప్రింగు ప్రతి ఏడున్నర సెకండ్లకు ఒకసారి చుట్టబడేది.

పాండ్ గడియారంలో ఉన్నది ఈ పాత సూత్రమే. పెద్ద స్ప్రింగు స్థానంలో విద్యుద్ఘటం వచ్చింది; అదే కొత్తదనం. చుట్టడం గంటకు ఒకసారి జరుగుతుంది.

విద్యుత్తు చేసే పని ఏది?

విద్యుత్తుతో నడిచే గడియారాలన్నీ ఒక జాతివి కావు. వాటిలో విద్యుత్తు చేసే పని వేరు వేరుగా ఉంటుంది. స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1840ల దశకంలో రూపొందించిన గడియారంలో విద్యుత్తు లోలకాన్నే తోసేది. లోలకం అటూ ఇటూ ఊగుతూ ఒక మీటను కదలించి విద్యుత్ వలయాన్ని తానే కలపాలి, తానే విడదీయాలి. తడి నేలలో ఒక జింకు పలకను, ఒక రాగి పలకను పూడ్చి, వాటి మధ్య పుట్టే విద్యుత్తుతోనే బెయిన్ గడియారాన్ని నడిపాడు. ముచ్చటైన ఆలోచన! కాని విద్యుత్తు బలం మారితే లోలకం ఊపు మారుతుంది. ఊపు మారితే కాలం మారుతుంది. పైగా ప్రతి ఊపులోను మీటను కదలించే భారం లోలకం మీదనే పడుతుంది.

తనకు తానే కీ ఇచ్చుకొనే గడియారంలో అట్లా కాదు. అందులో లోలకానికీ విద్యుత్తుకూ ముఖపరిచయం కూడా లేదు. కాలాన్ని కొలిచేది లోలకం. చక్రాలను తోసేది స్ప్రింగు. విద్యుత్తు గంటకు ఒకసారి వచ్చి స్ప్రింగును చుట్టి వెళ్లిపోతుంది. ఘటం కొత్తదైతే నాలుగు సెకండ్లలో చుడుతుంది. పాతదైతే పది సెకండ్లలో చుడుతుందనుకొందాం. రెండు సందర్భాలలోను స్ప్రింగు చుట్టబడేది అంతే. కనుక ఘటం పాతబడినా, చుట్టే పని పూర్తి చేయగలిగినంత కాలం గడియారం చూపే సమయం చెడదు. ఈ గడియారపు గొప్పతనమంతా ఈ పని విభజనలోనే ఉన్నది.

గంటకు ఒకసారి జరిగే కథ

గడియారపు వెనుక పలకను తెరచి చూస్తే రెండు తీగచుట్టలు కనబడతాయి. మెత్తని ఇనుప కడ్డీల మీద, పైన బట్ట నూలో పట్టో చుట్టిన రాగి తీగను వందల చుట్లు చుట్టి చేసినవి. విద్యుత్తు ప్రవహించినప్పుడు ఇవి అయస్కాంతాలవుతాయి; ప్రవాహం ఆగగానే ఆ గుణాన్ని వదులుకొంటాయి. వీటి ఎదుట ఒక ఇనుప పలక ఉంటుంది. దానిని ఆర్మెచర్ అంటారు. ఆర్మెచర్‌కు ఒక చిన్న కొక్కెం, ఆ కొక్కేనికి ఎదురుగా రంపపు పళ్ల వంటి పళ్లున్న చక్రం ఉంటాయి. ఈ చక్రం ఒక వైపుకే తిరగగలదు.

నిమిషాల ముల్లు ఒక చుట్టు పూర్తి చేసేసరికి స్ప్రింగు ఒక చుట్టు మేర వదులవుతుంది. అప్పుడు లోపలి ఒక చిన్న మేకు, పలుచని లోహపు పట్టీని కదలించి విద్యుత్ వలయాన్ని కలుపుతుంది. తీగచుట్టలు అయస్కాంతాలై ఆర్మెచర్‌ను లాగుతాయి. కొక్కెం చక్రాన్ని కొద్దిగా ముందుకు తోస్తుంది. ఆర్మెచర్ కదలడంతోనే రెండవ చోట వలయం తెగుతుంది. ప్రవాహం ఆగుతుంది, చిన్న తీగ స్ప్రింగు ఆర్మెచర్‌ను వెనుకకు లాగుతుంది, వలయం మళ్లీ కలుస్తుంది. ఇట్లా ‘బుర్ర్’మని చప్పుడు చేస్తూ ఆర్మెచర్ వేగంగా ఆడుతుంది. ఇది బడిలో విద్యుత్ గంట మ్రోగే పద్ధతే. అక్కడ సుత్తి గంటను కొడుతుంది, ఇక్కడ కొక్కెం చక్రాన్ని తోస్తుంది. స్ప్రింగు ఒక చుట్టు బిగిసేసరికి మొదటి పట్టీ పక్కకు తొలగి వలయం పూర్తిగా తెగిపోతుంది. మళ్లీ గంట దాకా నిశ్శబ్దం.

మొదటి రోజులలో కంపెనీ కొన్ని గడియారాలలో తిరిగే చిన్న మోటారును వాడింది. తరువాత ఈ ఆడే ఆర్మెచర్ పద్ధతే ఎక్కువ ప్రచారంలోకి వచ్చింది.

టెలిగ్రాఫు తీగ మీద వచ్చిన కాలం

ఈ గడియారాలలో అనేకం మరొక పని కూడా చేసేవి. అమెరికా రైల్వేలు 1883 నవంబరు 18న ప్రామాణిక కాలాన్ని అమలులోకి తెచ్చాయి. అంతకు ముందు ఊరికొక కాలం ఉండేది. ఒకే కాలం అన్న తరువాత, దూరదూరాన ఉన్న గడియారాలన్నీ ఒకే మాట చెప్పాలి కదా! వాషింగ్టనులోని నౌకాదళ నక్షత్రశాల నుండి ఖచ్చితమైన కాలసంకేతం టెలిగ్రాఫు తీగల మీద బయలుదేరేది. వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫు కంపెనీ దానిని ఊరూరికీ చేరవేసేది. ఊరిలోని ప్రధాన గడియారం ఆ సంకేతంతో సరిచేయబడి, గంటగంటకూ చందాదారుల గడియారాలకు ఒక విద్యుత్ స్పందనం పంపేది. ఆ స్పందనంతో లోపలి వేరొక విద్యుదయస్కాంతం ఒక మీటను లాగి, కొద్దిగా ముందువెనుకలైన నిమిషాల ముల్లును సరిగ్గా పన్నెండు మీదికి తెచ్చేది.

ఈ సేవ 1960ల దశకం దాకా నడిచింది. ఇప్పుడు ఆ సంకేతం రాదు. కొందరు ఔత్సాహికులు ఉపగ్రహాల నుండి వచ్చే కాలసంకేతాన్ని అందుకొనే చిన్న ఎలక్ట్రానిక్ పరికరంతో ఆ మీటను మళ్లీ కదలిస్తున్నారు. అయితే గడియారం నడవడానికి ఆ సంకేతం అవసరం లేదు. లోలకం క్రింద ఉన్న మరను త్రిప్పి కాలాన్ని సవరించుకొంటే చాలు. గడియారం వెనుకబడితే గుండును పైకి ఎత్తాలి. ముందుకు పోతే క్రిందికి దించాలి.

మూగబోయిన గడియారం

ఇప్పుడు మన చేతికి వచ్చిన గడియారాన్ని చూద్దాం. చాలామంది వెంటనే కొత్త ఘటాలు కలిపి చూస్తారు. అది తొందరపాటు. ముందు కంటితో చూడాలి; ఆ తరువాత చేతితో, మీటరుతో పరీక్షించాలి; ఘటం కలపడం చిట్టచివరి పని.

గడియారపు పెట్టెలో పాత ఘటాలు మిగిలి ఉంటే మొదట వాటిని తీసివేయాలి. ఆనాటి పొడి ఘటాలలో జింకు డబ్బా, మధ్యను బొగ్గు కడ్డీ, వాటి మధ్య నవాసారం అని మనవారు పిలిచే అమ్మోనియం క్లోరైడు ముద్ద ఉండేవి. జింకు తరిగిపోయి చిల్లులు పడితే ఆ ముద్ద కారి చుట్టూ ఉన్న ఇత్తడిని, రాగిని తిని పచ్చని చిలుము పట్టిస్తుంది. ఆ తీగల మీది రబ్బరు, బట్ట తొడుగులు ముట్టుకొంటేనే పొడిగా రాలవచ్చు. అటువంటి తీగలను మార్చాలి.

తరువాత స్ప్రింగు బిగువును జాగ్రత్తగా వదలించాలి. బిగువు ఉండగా పలకలు విప్పితే చక్రాల పళ్లు విరుగుతాయి, వేళ్లకు గాయాలవుతాయి. ఈ పని తెలిసినవారి దగ్గర నేర్చుకొని చేయడం మంచిది. విప్పిన తరువాత ఇరుసుల చివరలను, అవి తిరిగే రంధ్రాలను శుభ్రం చేయాలి. పాత నూనె ఏండ్లు గడచేకొద్దీ జిగురుగా మారుతుంది. గడియారం ఆగిపోవడానికి తరచుగా కారణం ఈ జిగురే, విద్యుత్తు కాదు. ఇరుసు చివరలకు సూదిమొనతో గడియారపు నూనె ఒక చుక్క చాలు. చక్రాల పళ్లకు నూనె పెట్టకూడదు. దుమ్ము అంటుకొని పళ్లను అరగదీస్తుంది. విద్యుత్తు కలిసే చోట అసలే పెట్టకూడదు.

విద్యుత్తు కలిసి విడిపోయే చోట మంచి గడియారాలలో ప్లాటినం ముక్కలు అతికి ఉంటాయి. ప్లాటినం తుప్పు పట్టదు, నిప్పురవ్వలకు ఓర్చుకొంటుంది. దాని ధర సంగతి చెప్పనక్కరలేదు. దానిని ఉప్పుకాగితంతో రుద్దడం అన్యాయం. స్పిరిటులో తడిపిన శుభ్రమైన కాగితపు ముక్కను రెండు మొనల మధ్య ఉంచి మెల్లగా లాగితే మురికి పోతుంది.

ఇక తీగచుట్టలు. రెండు కొనలకు మీటరు తగిలించి నిరోధం చూడాలి. మీటరు ఏమీ చూపకపోతే తీగ ఎక్కడో తెగిందని అర్థం. తరచుగా అది బయటి కొన దగ్గరనే తెగుతుంది. ఒక చుట్టు విప్పి టంకం పెడితే సరిపోతుంది. లోపల తెగితే మాత్రం మొత్తం విప్పి, అంతే లావు తీగతో అన్నే చుట్లు మళ్లీ చుట్టాలి. అయస్కాంతపు బలం ప్రవాహాన్ని చుట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చే లబ్ధం మీద ఆధారపడుతుంది. సన్నని తీగ వాడితే నిరోధం పెరిగి ప్రవాహం తగ్గుతుంది; లావు తీగ వాడితే అన్ని చుట్లకు చోటు చాలదు.

చివరకు గడియారాన్ని గోడకు తగిలించి చెవితో వినాలి. ‘టిక్’కు ‘టక్’కు మధ్య ఎడం రెండు వైపులా సమానంగా ఉండాలి. కుంటివాని నడకలా వినిపిస్తే గడియారం కొద్ది సేపటికే ఆగిపోతుంది. అది నిలువుగా లేదని గాని, లోలకాన్ని తోసే మీట పక్కకు వంగిందని గాని గ్రహించాలి.

మూడు వోల్టులే ఎందుకు?

ఈ గడియారాలు నడిచినది రెండు పెద్ద పొడి ఘటాలతో. వాటిని ‘ఆరవ నెంబరు’ ఘటాలు అనేవారు. ఆరంగుళాల ఎత్తు, రెండున్నర అంగుళాల వ్యాసం, తలపై తీగ బిగించడానికి మరలు. ఒక్కొక్క దాని విద్యుచ్చాలక బలం 1.5 వోల్టులు. రెండింటిని శ్రేణిలో కలిపితే 3 వోల్టులు.

ఆ ఘటాలు ఇప్పుడు మామూలు అంగళ్లలో దొరకవు. కాని 1.5 వోల్టుల ఘటం చిన్నదైనా పెద్దదైనా దాని వోల్టులు మారవు. పరిమాణంతో పెరిగేది అది ఎంత కాలం ఎంత ప్రవాహం ఇవ్వగలదన్నది. కనుక పెద్ద టార్చిలైటుకు వేసే ‘డి’ సైజు ఆల్కలైన్ ఘటాలు రెండు, శ్రేణిలో కలిపితే చాలు.

అవి ఎంత కాలం వస్తాయి? లెక్క కోసం కొన్ని విలువలు అనుకొందాం. తీగచుట్టల నిరోధం 12 ఓములు. ఓమ్ నియమం ప్రకారం 3 వోల్టులకు ప్రవాహం పావు ఆంపియరు. గంటలో విద్యుత్తు నిజంగా ప్రవహించే కాలం మొత్తం 5 సెకండ్లు. అప్పుడు సంవత్సరానికి ఖర్చు సుమారు 3 ఆంపియరు-గంటలు. ఘటంలో 12 ఆంపియరు-గంటలు ఉన్నాయనుకొంటే ఏండ్ల తరబడి రావాలి. అయినా ఏడాదికి ఒకసారి మార్చడమే మేలు. గడియారానికి ప్రమాదం ఘటం అయిపోవడం వలన కాదు, అది కారడం వలన.

ఇప్పుడు దీనికి మరొక వైపు చూడండి. కొక్కెం ఇరుక్కొనిపోయి, లేదా జిగురు వలన ఆర్మెచర్ కదలక, వలయం కలిసే ఉండిపోయిందనుకొందాం. పావు ఆంపియరు ఎడతెగకుండా పారుతుంది. పన్నెండు ఆంపియరు-గంటలు 48 గంటలలో ఖాళీ. ఏండ్లు రావలసిన ఘటాలు రెండు రోజులలో చస్తాయి! ‘ఈ గడియారం ఘటాలను మింగేస్తున్నది’ అని ఎవరైనా అంటే తప్పు ఘటాలది కాదని గ్రహించాలి.

ఇక్కడే చాలామంది పెద్ద పొరపాటు చేస్తారు. స్ప్రింగు సరిగా చుట్టుకోవడం లేదు కదా, ఇంకొంచెం బలం ఇద్దామని 9 వోల్టుల ఘటమో పరికరమో తగిలిస్తారు. గడియారం గర్జించినట్లు చప్పుడు చేసి చుట్టుకొంటుంది. గెలిచామనుకొంటారు. కాని లెక్క చూడండి: వోల్టులు మూడు రెట్లయితే ప్రవాహం మూడు రెట్లవుతుంది, వేడి తొమ్మిది రెట్లవుతుంది. ముప్పాతిక వాటు వేడికి అలవాటుపడిన తీగచుట్ట మీద ఆరు ముప్పాతిక వాటులు పడతాయి. వలయం కలిసే ఉండిపోయిన రోజున, నూరేండ్లనాటి ఆ నూలు, పట్టు పొరలు మాడిపోతాయి. కొక్కెం పళ్ల మీద దెబ్బలు వేస్తుంది. జబ్బు జిగురులో ఉంటే మందు వోల్టులలో వెదకడం ఇది. మూడు వోల్టులతో చుట్టుకోని గడియారం మనకొక సంగతి చెబుతున్నది: ఎక్కడో రాపిడి ఉన్నది, లేదా ఎక్కడో మురికి ఉన్నది, లేదా మరలు వదులైనాయి. దాని మాట వినాలి.

ఘటాలకు బదులు ఇంటి విద్యుత్తు నుండి 3 వోల్టులు ఇచ్చే అడాప్టరు వాడవచ్చు. అయితే వోల్టులను స్థిరంగా నిలిపే రకమే వాడాలి. పాతకాలపు చౌక అడాప్టర్లు పెట్టె మీద మూడని వ్రాసి ఉన్నా, భారం లేనప్పుడు అంతకన్న చాలా ఎక్కువ ఇస్తాయి. కరెంటు పోతే గడియారం స్ప్రింగులో మిగిలిన బిగువుతో కొంత సేపు నడిచి ఆగిపోతుంది కనుక మన ఊళ్లలో ఘటాలే నమ్మకం. విద్యార్థులకు ఒక హెచ్చరిక: ఈ గడియారపు తీగలను ఇంటి 230 వోల్టుల ప్లగ్గుకు తిన్నగా కలిపితే గడియారం కాలిపోవడమే కాదు, ప్రాణాపాయం.

నిప్పురవ్వను అణచడం

చీకటి గదిలో గడియారం చుట్టుకొంటూ ఉంటే చూడండి. వలయం తెగిన ప్రతిసారీ చిన్న నీలి నిప్పురవ్వ మెరుస్తుంది. మూడు వోల్టులకు గాలిలో రవ్వ ఎట్లా వచ్చింది? తీగచుట్టలో ప్రవాహం హఠాత్తుగా ఆగితే దాని అయస్కాంత క్షేత్రం కూలిపోతుంది. ఆ కూలే క్షేత్రం అదే తీగచుట్టలో ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టులను పుట్టిస్తుంది. దీనిని స్వయంప్రేరణ అంటారు. ఈ రవ్వలే కాలక్రమాన స్పర్శ మొనలను గుంటలు పడేటట్లు తింటాయి.

దీనికి చౌకైన ఉపాయం, తీగచుట్టకు సమాంతరంగా ఒక నిరోధకాన్ని కలపడం. చుట్ట నిరోధం 12 ఓములైతే 120 ఓముల నిరోధకం చాలు. వలయం తెగినప్పుడు చుట్టలోని పావు ఆంపియరు గాలిని చీల్చుకొని పోనక్కరలేకుండా ఈ దారిన పోతుంది. నిరోధకం కొనల మధ్య వోల్టులు 30కి మించవు. వలయం కలిసి ఉన్నంత సేపు నిరోధకం గుండా పోయే అదనపు ప్రవాహం చుట్ట ప్రవాహంలో పదవ వంతే. నిరోధకానికి బదులు డయోడును కొందరు వాడతారు. అది రవ్వను ఇంకా బాగా అణచుతుంది కాని, చుట్టలో ప్రవాహం నెమ్మదిగా చావడం వలన ఆర్మెచర్ మందగిస్తుంది. పైగా ఘటాలను తలక్రిందులుగా పెడితే డయోడే దగ్గరిదారి అయి ప్రవాహాన్నంతా తాగివేస్తుంది. ఈ గడియారానికి నిరోధకమే సరిపోయిన తోడు.

తరగతి గదిలో

ఇటువంటి గడియారం పాఠశాలలో ఉండకపోవచ్చు. కాని దాని హృదయం ప్రతి ప్రయోగశాలలోను ఉన్నది. ఉపాధ్యాయులు ఒక విద్యుత్ గంటను తీసుకొని, గిన్నెను విప్పి, సుత్తి కొనకు గట్టి తీగతో చేసిన కొక్కెం కట్టించవచ్చు. గట్టి అట్టతో గాని పలుచని చెక్కతో గాని రంపపు పళ్ల చక్రం చేసి దాని ఎదుట నిలిపితే, రెండు టార్చి ఘటాలతో ఆ చక్రం ఒక్కొక్క పన్నుగా ముందుకు నడుస్తుంది. చక్రపు ఇరుసుకు దారం కట్టి చిన్న బరువును పైకి ఎత్తించండి. ఎత్తిన బరువు, ఎత్తు, పట్టిన కాలం, వోల్టులు, ఆంపియర్లు కొలిస్తే ఘటం ఇచ్చిన శక్తిలో ఎంత భాగం పనిగా మారిందో విద్యార్థులే లెక్క కట్టగలరు. ఫలితం చూసి నిరుత్సాహపడవద్దు. మన పై లెక్కల ప్రకారం గడియారానికి సంవత్సరానికి కావలసినది సుమారు 1,800 జౌళ్లు. ఘటాలు ఇచ్చినది సుమారు 33,000 జౌళ్లు. నూటికి అయిదు పాళ్లే పనికి వచ్చాయి. మిగిలినది వేడిగాను, చప్పుడుగాను పోయింది.

ఈనాడు కొద్దిపాటి ధరకు దొరికే క్వార్ట్జు గడియారం, సెకండుకు 32,768 సార్లు కంపించే స్ఫటికంతో, ఈ పాత గడియారం కన్న మెరుగుగా కాలం చూపుతుంది. అందుచేత కొందరు పాత పెట్టెలోని యంత్రాన్ని తీసివేసి క్వార్ట్జు యంత్రం బిగిస్తారు. ముళ్లు తిరుగుతాయి, గడియారం మాత్రం పోతుంది. స్ఫటికం ఎట్లా కంపిస్తున్నదో కంటికి కనబడదు. ఈ పాత యంత్రంలో హుక్ నియమం, లోలకం, ఓమ్ నియమం, విద్యుదయస్కాంతం, స్వయంప్రేరణ అన్నీ కళ్లెదుట కదులుతూ, చెవికి వినబడుతూ ఉంటాయి. ఎవరి పనిని వారికి అప్పగించి, ఎవరికి ఎంత కావాలో అంతే ఇచ్చిన యంత్రం అది. దానిని బాగుచేయబోయేవారు కూడా ఆ మర్యాదనే పాటిస్తే, గంటకు ఒకసారి ‘బుర్ర్’మని తన కీ తానే ఇచ్చుకొంటూ అది మరొక తరానికి కాలం చెబుతుంది.